కణంలోని తంతువులు – ప్రతిరక్షకాల సాక్ష్యం

జీవశాస్త్ర గ్రంథాలలో ఈనాడు ఒక బొమ్మ తరచుగా కనబడుతున్నది. నల్లని నేల మీద ఆకుపచ్చని దారాలు కేంద్రకం చుట్టూ వలవలె అల్లుకొని, కణపు అంచుల దాకా సాగి ఉంటాయి. బొమ్మ కింద "కణంలోని కెరాటిన్ తంతువులు" అని ఒక పంక్తి ఉంటుంది. విద్యార్థి దానిని చూచి, కెరాటిన్‌ను కన్నులారా చూచినాననుకొంటాడు. ఉపాధ్యాయుడు కూడ అలాగే చెబుతాడు.

నిజానికి ఆ బొమ్మలో కెరాటిన్ కనబడదు. కనబడేది ఒక రంగు పదార్థం వెలువరించిన కాంతి మాత్రమే. ఆ రంగు ఒక ప్రతిరక్షకానికి అంటించి ఉన్నది. ఆ ప్రతిరక్షకం మరొక ప్రతిరక్షకాన్ని పట్టుకొని ఉన్నది. ఆ రెండవది కణంలోని ఏదో ఒక పదార్థాన్ని పట్టుకొని ఉన్నది. ఆ పదార్థం కెరాటినే అని చెప్పడం, తర్కశాస్త్రపు మాటలలో, ప్రత్యక్షం కాదు, అనుమానం. కొండ మీద పొగను చూచి అక్కడ నిప్పు ఉన్నదని చెప్పడం వంటిది. అనుమానం కూడ మంచి ప్రమాణమే. కాని కనబడినది పొగయా, మంచుతెరయా అని ముందుగా తేల్చుకోవాలి. కణాస్థిపంజరంలోని మధ్యస్థ తంతువులను గూర్చిన జ్ఞానంలో అధికభాగం ఈ అనుమానం మీదనే నిలిచి ఉన్నది. కనుక ఆ పద్ధతి ఇచ్చిన సాక్ష్యం ఎంతవరకు నమ్మదగినది, ఎక్కడ తప్పు దారి పట్టించగలదు అని పరిశీలించడం అవసరం.

మూడు రకాల తంతువులు

కణమంటే పలుచని సంచిలో పోసిన జిగురు ద్రవం అని ఒకప్పటి భావన. అది నిజం కాదు. కణానికి ఆకారాన్ని, బలాన్ని, కదలికను ఇచ్చే ప్రోటీన్ తంతువులు దానిలో ఉన్నవి. వీటి సముదాయమే కణాస్థిపంజరం. ఇందులో మూడు రకాలున్నవి. ఏక్టిన్‌తో తయారైన సూక్ష్మతంతువులు దాదాపు 7 నానోమీటర్ల మందం గలవి. ట్యుబ్యులిన్‌తో తయారైన సూక్ష్మనాళికలు దాదాపు 25 నానోమీటర్ల మందం గలవి. ఈ రెండింటికీ నడుమ, దాదాపు 10 నానోమీటర్ల మందంతో మూడవ రకం ఉన్నది. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. 1968లో ఇషికావా, బిషాఫ్, హోల్ట్‌జర్ అనే శాస్త్రజ్ఞులు పెరుగుతున్న కోడిపిల్ల కండర కణాలలో వీటిని వేరుగా గుర్తించి, మధ్యస్థ పరిమాణపు తంతువులని పిలిచారు. పేరు పరిమాణాన్ని బట్టి వచ్చినదే గాని, గుణాన్ని బట్టి వచ్చినది కాదు.

ఇక్కడే చిక్కు వచ్చినది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చర్మకణపు మధ్యస్థ తంతువు, కండర కణపు మధ్యస్థ తంతువు, నాడీకణపు మధ్యస్థ తంతువు దాదాపు ఒక్క తీరుగానే కనబడతాయి. వీటిని మామూలు ఉప్పు నీటిలో గాని, డిటర్జెంటు ద్రావణాలలో గాని కరిగించడం కష్టం. అందువలన విడదీసి పరీక్షించడం కూడ తేలిక కాలేదు. చూపుకు ఒకటిగా ఉన్నవి లోపల ఒకటేనా, వేరువేరా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగల సాధనంగా ప్రతిరక్షకం రంగంలోకి వచ్చినది.

పద్ధతి యొక్క స్వరూపం

శరీరంలోకి పరాయి పదార్థం ప్రవేశించినప్పుడు దానిని పట్టుకొనేందుకు రక్తంలో తయారయ్యే ప్రోటీన్లే ప్రతిరక్షకాలు. కుందేలుకు ఒక ప్రోటీన్‌ను సూదిమందుగా ఎక్కిస్తే, కొన్ని వారాలకు దాని రక్తరసిలో ఆ ప్రోటీన్‌ను పట్టుకొనే ప్రతిరక్షకాలు పుడతాయి. వీటికి వెలుగునిచ్చే రంగును అంటించవచ్చునని అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ కూన్స్, ఆయన సహచరులు 1941లో చూపారు. మొదట వాడిన రంగు నీలికాంతిని ఇచ్చేది. కణజాలాలు తమంత తామే కొంత నీలికాంతిని వెలువరిస్తాయి కనుక రెండింటినీ వేరు చేయడం కష్టమైనది. 1942 నాటికి వారు ఆకుపచ్చని వెలుగునిచ్చే ఫ్లోరెసీన్‌ను వాడి ఆ దోషాన్ని తప్పించారు. ఈ పద్ధతి పుట్టుకలోనే ఒక హెచ్చరిక ఉన్నది: మెరిసినదల్లా వెతుకుతున్న వస్తువు కాదు.

తరువాత పరోక్ష పద్ధతి వాడుకలోకి వచ్చినది. కుందేలు ప్రతిరక్షకాన్ని రంగు లేకుండానే కణం మీద వేస్తారు. కడిగిన పిమ్మట, కుందేలు ప్రతిరక్షకాలను పట్టుకొనే మేక ప్రతిరక్షకాన్ని రంగుతో కలిపి వేస్తారు. ఒక్కొక్క కుందేలు ప్రతిరక్షకాన్ని అనేక మేక ప్రతిరక్షకాలు పట్టుకొంటాయి కనుక వెలుగు హెచ్చుతుంది. అయితే సాక్షికి మరొక సాక్షి తోడైనాడని, ఇద్దరిలో ఎవరు పొరబడినా మాట తప్పిపోతుందని మరువరాదు.

మరొక సంగతి. సాధారణ కాంతి సూక్ష్మదర్శిని దాదాపు 200 నానోమీటర్ల కంటె దగ్గరగా ఉన్న రెండు బిందువులను వేరుగా చూపలేదు. తంతువు మందం 10 నానోమీటర్లు మాత్రమే. దానిని పట్టుకొన్న ప్రతిరక్షకం పొడవే 10 నుండి 15 నానోమీటర్లుంటుంది. కనుక బొమ్మలోని ఒక్కొక్క పచ్చని దారం ఒక్కొక్క తంతువు కానక్కరలేదు. అది అనేక తంతువుల కట్ట కావచ్చును. ఒంటరి తంతువే అయినా అసలు మందం కంటె ఎన్నో రెట్లు ఉబ్బి కనబడుతుంది. బొమ్మలోని దారాలను లెక్కపెట్టి కణంలో ఇన్ని తంతువులున్నవని చెప్పేవారు ఈ లెక్కను గమనించాలి.

సాధించిన విజయాలు

దోషాలను చెప్పే ముందు గుణాలను చెప్పడం న్యాయం. 1974లో లజారిడెస్, వేబర్ అనువారు ఏక్టిన్‌కు విరుద్ధమైన ప్రతిరక్షకాలతో, కండరాలు కాని కణాలలో సైతం ఏక్టిన్ తంతువుల జాలాన్ని చూపారు. ఆ విజయం ఇతర తంతువులకు కూడ దారి చూపినది. 1976లో లజారిడెస్, హబ్బర్డ్ కోడి కందనకాయ కండరం నుండి ఒక ప్రోటీన్‌ను తీసి దానికి డెస్మిన్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆ మాటకు బంధమని అర్థం. 1978లో జర్మనీలో ఫ్రాంకే, ఆయన సహచరులు సంయోజక కణజాలపు కణాలలోని తంతు ప్రోటీన్‌కు విమెంటిన్ అని పేరు పెట్టారు. అంతకు ముందే 1970 దశకపు తొలి సంవత్సరాలలో లారెన్స్ ఎంగ్ మెదడులోని నక్షత్రాకార కణాల నుండి మరొక తంతు ప్రోటీన్‌ను వేరు చేసి ఉన్నారు.

ఈ ప్రోటీన్లకు ప్రతిరక్షకాలు సిద్ధమైన తరువాత చిత్రం స్పష్టమైనది. శరీరపు లోపలి, వెలుపలి పొరలైన ఉపకళలలో కెరాటిన్లు, సంయోజక కణజాలంలో విమెంటిన్, కండరంలో డెస్మిన్, నాడీకణాలలో నాడీతంతు ప్రోటీన్లు, కేంద్రకపు లోపలి అంచున లామిన్లు. చూపుకు ఒకటైన తంతువులు లోపల ఒక కుటుంబంలోని వేర్వేరు సభ్యులని తేలినది. 1982లో మోల్, ఫ్రాంకే మొదలైనవారు మానవ ఉపకళలలోని 19 కెరాటిన్లకు వరుస సంఖ్యలిచ్చి జాబితా కట్టారు. ఈనాటి లెక్క ప్రకారం మానవునిలో మధ్యస్థ తంతు ప్రోటీన్ల జన్యువులు దాదాపు 70 ఉన్నవి. వాటిలో 54 కెరాటిన్లవే. ఈ జ్ఞానానికి పునాది వేయడంలో ప్రతిరక్షకాల పాత్ర ఎంతో పెద్దది.

అయితే ఒక విషయం గమనించదగినది. ఈ విజయాలలో ప్రతిరక్షకం ఎక్కడా ఒంటరిగా సాక్ష్యం చెప్పలేదు. కందనకాయ నుండి ప్రోటీన్‌ను తీసి రసాయనికంగా పరీక్షించారు. విద్యుత్ సహాయంతో ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసి చూచారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తంతువులను పోల్చి చూచారు. ఇన్ని సాక్ష్యాలు ఏకమైన చోటనే తీర్పు నిలిచినది.

లేనిదానిని ఉన్నదనడం

పాఠశాల రిజిస్టరులో విద్యార్థి పేరుతో పాటు అతని పుట్టుమచ్చలను కూడ నమోదు చేస్తారు. ప్రతిరక్షకం పని అటువంటిదే. అది ప్రోటీన్‌ను మొత్తంగా ఎరుగదు. దాని మీద ఉన్న కొద్దిపాటి అమైనో ఆమ్లాల అమరికను, అనగా ఒక పుట్టుమచ్చను, మాత్రమే ఎరుగును. ఆ మచ్చ మరొకరి మీద ఉంటే వారిని కూడ పట్టుకొంటుంది.

1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ అనువారు ఒకే కణవంశం నుండి ఒకే రకపు ప్రతిరక్షకాన్ని ఎంతైనా తయారు చేసే ఉపాయాన్ని కనుగొన్నారు. వీటినే మోనోక్లోనల్ ప్రతిరక్షకాలంటారు. ఈ పనికి వారు 1984లో నోబెల్ బహుమతిలో భాగస్వాములైనారు. దీనితో పొరపాట్లన్నీ తొలగిపోయినవని చాలమంది భావించారు. ఈ భావన సరి కాదని మధ్యస్థ తంతువులే నిరూపించినవి. 1981లో ప్రస్, మిర్‌స్కీ, రాఫ్, యాండర్టన్ మొదలైనవారు తయారు చేసిన ఒక మోనోక్లోనల్ ప్రతిరక్షకం అన్ని రకాల మధ్యస్థ తంతువులనూ పట్టుకొన్నది. కారణం తరువాత తెలిసినది. ఈ ప్రోటీన్లన్నిటిలోను నడుమ కడ్డీ వంటి భాగమొకటి ఉన్నది. ఆ కడ్డీ చివర ఉన్న అమరిక అన్నిటిలోను దాదాపు ఒకటే. ఆ ప్రతిరక్షకం మనిషి పేరును గాక ఇంటిపేరును పట్టి పిలిచినదన్న మాట. ఒకే ఇంటిపేరు గలవారు ఊరంతా ఉన్నప్పుడు, ఆ పిలుపుకు పలికినవాడు వెతుకుతున్న మనిషే అని ఎలా చెప్పగలం? ప్రతిరక్షకం ఒకటే రకమైనంత మాత్రాన అది పట్టుకొనే వస్తువు ఒకటే కావలసిన పని లేదు.

ఇంకొక ఉదాహరణ మరింత ఆలోచింపజేసేది. 1978లో గోర్డన్, బుష్నెల్, బర్రిడ్జ్ అనువారు మధ్యస్థ తంతువులను పరిశీలించడానికి వాడిన కుందేలు రక్తరసిలోని ప్రతిరక్షకాలు, ఆ కుందేలు తన సొంత ప్రోటీన్లకు విరుద్ధంగా తానే తయారు చేసుకొన్నవి. వారికి అది సాధనంగా ఉపయోగపడినది. కాని దీని నుండి వచ్చే ప్రశ్న చిన్నది కాదు. ప్రతి ప్రయోగంలోను పోలిక కోసం, ఏమీ ఎక్కించని మామూలు కుందేలు రక్తరసిని వేసి, అది మెరవలేదు గనుక ప్రయోగం సరియైనదని చెప్పడం వాడుక. ఆ మామూలు రక్తరసిలోనే తంతువులను పట్టుకొనే ప్రతిరక్షకాలుంటే, పోలికకు పెట్టిన తూకపు రాయే తప్పైపోతుంది. తూకం వేసే ముందు తూకపు రాయిని పరీక్షించాలన్నది దీని నీతి.

ఉన్నదానిని లేదనడం

వెలుగు మోసగించినట్లే చీకటి కూడ మోసగిస్తుంది. పుట్టుమచ్చ చొక్కా కింద దాగి ఉంటే, చూచినవాడు మచ్చ లేదనే చెబుతాడు. 1983లో ఫ్రాంకే, గైగర్ మొదలైనవారు కంగారు జాతికి దగ్గరి జంతువు మూత్రపిండం నుండి వచ్చిన పీటీకే2 అనే కణాలను ఒక కెరాటిన్ ప్రతిరక్షకంతో పరీక్షించారు. విభజన చెందుతున్న కణాలు మెరిసినవి. విభజన లేని కణాలు మెరవలేదు. విభజన సమయంలోనే కెరాటిన్ పుడుతున్నదని తొందరపాటుగా చెప్పవచ్చును. వాస్తవం వేరు. కెరాటిన్ రెండింటిలోను ఉన్నది. మామూలు కణంలో తంతువుల అమరిక వలన ఆ గుర్తు మూసుకొని ఉన్నది. విభజనలో తంతువుల అమరిక మారగా గుర్తు బయటపడినది. మెరవకపోవడం లేకపోవడం కాదని దీనికంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ అరుదు.

కణాన్ని పరీక్షకు సిద్ధం చేసే విధానం కూడ ఈ విషయంలో ముఖ్యమైనది. ఆస్పత్రులలో కణజాలాన్ని ఫార్మాలిన్‌లో నిలువ చేస్తారు. ఫార్మాలిన్ ప్రోటీన్ల నడుమ అడ్డకట్లు వేసి, గుర్తులను మూసివేస్తుంది. ఫార్మాలిన్‌లో ఉంచిన ముక్కలను నీటిలో బాగుగా వేడిచేస్తే అనేక గుర్తులు తిరిగి బయటపడతాయని 1991లో షి, కీ, కల్రా అనువారు చూపారు. అంతకు ముందు "లేదు" అని వచ్చిన తీర్పులలో కొన్ని కణజాలం తప్పు కాదు, దానిని నిలువ చేసిన ద్రావణం తప్పు. కనుక బొమ్మ కింద ప్రోటీన్ పేరు వ్రాసి, కణాన్ని ఎలా సిద్ధం చేశారో వ్రాయకపోవడం సగం మాట చెప్పడమే.

ఎక్కడ ఉన్నది, ఏమి చేస్తున్నది

మూడవ దోషం ప్రతిరక్షకానిది కాదు, దాని మాటకు అర్థం చెప్పేవారిది. ఒక వస్తువు ఎక్కడ ఉన్నదో తెలిసినంత మాత్రాన అది ఏమి చేస్తున్నదో తెలియదు. ఈ లోటును పూరించడానికి 1981లో క్లిమ్‌కోవ్‌స్కీ, వేరుగా లిన్, ఫెరమిస్కో, మరొక చోట గావ్లిట్టా, ఆస్‌బర్న్, వేబర్ ఒక సాహసం చేశారు. చంపి నిలువ చేసిన కణాల మీద గాక, బ్రతికి ఉన్న కణాల లోపలికి సన్నని సూదితో ప్రతిరక్షకాలను ఎక్కించారు. మధ్యస్థ తంతువుల వల కూలి, కేంద్రకం చుట్టూ ముద్దవలె పోగుపడినది. ఇంత జరిగినా కణాలు నశించలేదు. విమెంటిన్ తంతువులు ఇలా చుట్టుకొనిపోయిన కణాలు యథాప్రకారం పాకినవి, విభజన చెందినవి.

చక్కని ప్రయోగమే. కాని దాని నుండి ఈ తంతువులకు కణంలో చెప్పుకోదగిన పని లేదేమో అనే సందేహం బలపడినది. లోపం ఎక్కడ ఉన్నది? ఆ కణాలు గాజు పళ్లెంలో, పోషక ద్రావణంలో, ఏ ఒత్తిడీ లేకుండ సుఖంగా ఉన్నవి. ఇంటికి గాలివాన వచ్చినప్పుడు గదా దూలం విలువ తెలిసేది! నిర్మలమైన రోజున దూలాన్ని సడలించి, ఇల్లు పడలేదు గనుక దూలం అనవసరమని చెప్పడం వంటిది ఆ సందేహం.

సమాధానం పదేళ్లకు మరొక దారిన వచ్చినది. షికాగో విశ్వవిద్యాలయంలో ఎలైన్ ఫుక్స్, ఆమె సహచరులు లోపమున్న కెరాటిన్ 14 జన్యువును చిట్టెలుకలలో ప్రవేశపెట్టారు. ఆ ఎలుకల చర్మం కొద్దిపాటి ఒరపిడికే పొక్కులెక్కినది. మనుష్యులలో ఎపిడెర్మొలైసిస్ బుల్లోసా సింప్లెక్స్ అనే వ్యాధి ఇటువంటిదే. ఈ రోగులలో కెరాటిన్ 14 జన్యువులోనే లోపాలున్నవని 1991లోను, దాని జోడు అయిన కెరాటిన్ 5లో కూడ ఉండగలవని 1992లోను వెల్లడైనది. చర్మపు అడుగు వరుసలోని కణాలు తంతువుల బలం లేక ఒరపిడికి చిట్లిపోతున్నవి. తంతువుల పని కణాన్ని నడిపించడం కాదు, చిట్లకుండ కాపాడడం అని తేలినది. ఇక్కడ ప్రతిరక్షకం పక్కన ఉండిపోలేదు. ఈ వ్యాధి తీవ్రరూపంలో కణాలలో కనబడే ముద్దలు కెరాటిన్ 5, కెరాటిన్ 14లతో కూడినవని 1991లోనే ప్రతిరక్షకాలతో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూపారు. ఒంటరిగా ఉన్నప్పుడు సందేహానికి చోటిచ్చిన సాక్షి, జన్యుశాస్త్రం తోడైనప్పుడు బలమైన సాక్షి అయినది.

నిలువ చేసిన కణపు బొమ్మ మరొక భ్రమను కూడ కలిగించినది. బొమ్మ కదలదు గనుక తంతువులు కూడ కదలని కట్టడాలనే భావం చాలకాలం నడిచినది. 1998లో, తనంత తానే వెలిగే ప్రోటీన్‌ను విమెంటిన్‌కు జతచేసి బ్రతికి ఉన్న కణాలలో చూచినప్పుడు, ఆ తంతువులు వంగుతూ, జరుగుతూ, ఆకారం మార్చుకొంటూ కనబడినవి. ఛాయాచిత్రంలో నది కూడ నిలిచియే ఉంటుంది.

హైదరాబాదు ఉదాహరణ

ఈ చర్చకు తెలుగునాట జరిగిన పరిశోధనతో కూడ సంబంధమున్నది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో, అనగా సీసీఎంబీలో, వీణా పర్ణాయక్, ఆమె సహచరులు లామిన్ల మీద చాలకాలం పనిచేశారు. లామిన్లు కేంద్రకపు అంచున వలవలె ఉంటాయన్నది తెలిసిన సంగతి. 1999లో వారు ప్రకటించిన పత్రంలో ఒక కొత్త మోనోక్లోనల్ ప్రతిరక్షకం కేంద్రకం లోపల చుక్కలను చూపినది. ఆ చుక్కలు, ఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అతికే ప్రోటీన్లు ఉండే చోట్లతో ఏకీభవించినవి. లామిన్లే ఆ చోట్లకు ఆధారమా అనే ప్రశ్న పుట్టినది. 2004లో అమెరికా, ఐరోపా శాస్త్రజ్ఞులు లామిన్ ఏ, సి అసలే లేని చిట్టెలుకల కణాలను పరీక్షించగా, ఆ చోట్లు యథాతథంగా ఉన్నవి. అనగా రెండు వస్తువులు ఒకే చోట కనబడినంత మాత్రాన ఒకదానికి మరొకటి ఆధారమని చెప్పడానికి వీలు లేదు. ఒక ప్రతిరక్షకం ప్రశ్నను లేవదీసినది. జన్యువును తొలగించిన కణం సమాధానానికి దారి చూపినది. విజ్ఞానశాస్త్రం నడిచే తీరు ఇదే.

రోగి ప్రాణంతో ముడిపడిన ప్రశ్న

ఇది ప్రయోగశాలలో నలుగురు పండితులకు సంబంధించిన వాదమని అనుకోరాదు. కంతి ఏ కణజాలం నుండి పుట్టినదో చాలవరకు ఆ కణజాలపు మధ్యస్థ తంతువులనే నిలుపుకొంటుంది. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని 1980 దశకం తొలి సంవత్సరాలలో ఆస్‌బర్న్, వేబర్ మొదలైనవారు, కంతులను వాటి తంతువులను బట్టి గుర్తించే పద్ధతిని ప్రతిపాదించారు. కణాల రూపాన్ని చూచి తేల్చలేని కంతి ఉపకళ నుండి వచ్చినదా, రక్తకణాల నుండి వచ్చినదా అన్నది చికిత్సను నిర్ణయిస్తుంది. ఒకదానికి శస్త్రచికిత్స ప్రధానం కావచ్చును. మరొకదానికి మందులు ప్రధానం. కెరాటిన్ ప్రతిరక్షకాలు ఇటువంటి సందేహాలను తీర్చి ఎందరికో మేలు చేసినవి, చేస్తున్నవి.

కాని నియమానికి మినహాయింపులున్నవి. విమెంటిన్ అనేక రకాల కంతులలో ఉంటుంది కనుక అది ఒక్కటే ఏమీ తేల్చలేదు. ఉపకళకు చెందని కొన్ని కంతులు కూడ అప్పుడప్పుడు కెరాటిన్ ప్రతిరక్షకాలకు మెరుస్తాయి. మరొక ఉదాహరణ చూడదగినది. రొమ్ము క్యాన్సరు చంకలోని శోషరస గ్రంథికి పాకినదా అని తెలుసుకొనడానికి ఆ గ్రంథి ముక్కను కెరాటిన్ ప్రతిరక్షకంతో పరీక్షించడం కలదు. ఆ గ్రంథిలో ఉపకళ ఉండదు గనుక, మెరిసిన కణం క్యాన్సరు కణమే అని తోస్తుంది. కాని ఆరోగ్యవంతమైన శోషరస గ్రంథిలోని కొన్ని జాలక కణాలలో కూడ కెరాటిన్ 8, 18 ఉన్నవని 1987లో ఫ్రాంకే, మోల్ చూపారు. ఇక్కడ ప్రతిరక్షకం అబద్ధం చెప్పలేదు. కెరాటిన్ నిజంగానే ఉన్నది. తప్పు ఆ మాట నుండి తీసిన నిర్ణయంలో ఉన్నది. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకొంటే నష్టపోయేది రోగి. అందుచేతనే మంచి వ్యాధి నిర్ణయ శాలలలో ఒక్క ప్రతిరక్షకాన్ని నమ్మరు. కెరాటిన్‌తో పాటు తెల్లరక్తకణాల గుర్తును, ఇతర గుర్తులను కలిపి పరీక్షిస్తారు. మెరిసి తీరవలసిన ముక్కను, మెరవకూడని ముక్కను పక్కనే ఉంచుతారు. కణపు ఆకారాన్ని కూడ చూచి తీర్పు చెబుతారు.

అంగడిలో దొరికే సాక్షులు

ఒకప్పుడు ప్రతిరక్షకాన్ని తయారు చేసినవారే దానిని పరీక్షించి వాడేవారు. ఇప్పుడు అది సీసాలో అమ్మకానికి దొరుకుతున్నది. సీసా మీది చీటీని నమ్మి వాడడం సులభమైనది, పరీక్షించడం తగ్గినది. 2015లో బ్రాడ్‌బరీ, ప్లుక్‌థన్, వారితో ఏకీభవించిన అనేక శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో ఈ పరిస్థితిని విమర్శించి, ప్రతిరక్షకాలకు ప్రమాణాలు ఏర్పరచాలని కోరారు. 2023లో వెలువడిన ఒక పరిశీలనలో నాడీశాస్త్రానికి సంబంధించిన 65 ప్రోటీన్లకు అమ్మకంలో ఉన్న 614 ప్రతిరక్షకాలను పరీక్షించారు. ఒక్కొక్క ప్రోటీన్‌కు సగటున దాదాపు 12 పరిశోధన పత్రాలు ఈ పరీక్షలో నెగ్గని ప్రతిరక్షకాల మీద ఆధారపడినవని తేలినది. ఇవి మధ్యస్థ తంతువులకే చెందిన లెక్కలు కావు. కాని పద్ధతి ఒకటే కనుక హెచ్చరిక అందరికీ వర్తిస్తుంది.

పరీక్షలు కూడ అన్నీ ఒకే విలువ గలవి కావు. ప్రతిరక్షకాన్ని ముందుగా శుద్ధమైన ప్రోటీన్‌తో కలిపి, పిమ్మట కణం మీద వేస్తే వెలుగు మాయమైనదని చూపడం పాత పరీక్ష. ప్రతిరక్షకం ఆ ప్రోటీన్‌ను పట్టుకొనగలదని మాత్రమే అది చెబుతుంది. కణంలో పట్టుకొన్నది ఆ ప్రోటీన్‌నే అని చెప్పదు. ఎందుకంటే అదే పుట్టుమచ్చ గల వేరొక ప్రోటీన్ మీది వెలుగు కూడ అలాగే మాయమవుతుంది. 2016లో ఊలెన్ మొదలైనవారు ఐదు విధాల పరీక్షలను సూచించారు. జన్యువును తొలగించిన కణంలో వెలుగు పోతున్నదా? ప్రతిరక్షకం లేని వేరొక కొలతతో ఫలితం సరిపోతున్నదా? అదే ప్రోటీన్ మీద వేరొక మచ్చను పట్టే మరొక ప్రతిరక్షకం అదే చిత్రాన్ని ఇస్తున్నదా? గుర్తు జతచేసిన ప్రోటీన్‌తో ఏకీభవిస్తున్నదా? ప్రతిరక్షకం పట్టి తెచ్చిన పదార్థాన్ని తూచి చూస్తే ఆ ప్రోటీనే అవుతున్నదా? వీటిలో సందర్భానికి తగినవి జరిగినప్పుడే సాక్షి మాట నమ్మదగినది.

తరగతి గదిలో

ఈ విమర్శ ప్రతిరక్షకాలను తోసిపుచ్చడానికి కాదు. అవి లేకపోతే మధ్యస్థ తంతువుల కుటుంబం ఇంత త్వరగా బయటపడేది కాదు. విమర్శకు గురి కావలసినది, బొమ్మను చూచిన వెంటనే ప్రశ్న ముగిసినదనుకొనే అలవాటు. పాఠ్యగ్రంథ కర్తలు ఈ అలవాటును పెంచుతున్నారు. బొమ్మ కింద "కెరాటిన్ తంతువులు" అని వ్రాసే చోట "కెరాటిన్ ప్రతిరక్షకం పట్టుకొన్న స్థలాలు" అని వ్రాస్తే రెండు మాటలు మాత్రమే హెచ్చుతాయి. నిజం ఎంతో హెచ్చుతుంది.

ఉన్నత పాఠశాలలో ప్రతిరక్షకాలు లేవు, ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని లేదు. అయినా ఈ పాఠం చెప్పడానికి అడ్డు లేదు. పిండిపదార్థానికి అయోడిన్ వేసి నీలిరంగును చూపే ఉపాధ్యాయుడు, పిండి లేని పదార్థం మీద కూడ అయోడిన్ వేసి చూపవచ్చును. ఉడికించిన గంజిని వేడిగా ఉన్నప్పుడు పరీక్షిస్తే నీలిరంగు పోయి, చల్లారితే తిరిగి వస్తుందని చూపవచ్చును. వేడి గంజిలో రంగు లేనంత మాత్రాన పిండి లేకపోలేదని విద్యార్థి తన కళ్లతో గ్రహిస్తాడు. ఆ గ్రహింపు గలవాడు తరువాత ఏ పచ్చని వల బొమ్మను చూచినా మూడు ప్రశ్నలు వేస్తాడు: మెరవకూడని చోట మెరవలేదని చూచారా? మెరవని చోట లేదని ఎలా తెలిసినది? వేరొక దారిన కూడ ఇదే తేలినదా? ఈ మూడింటికి సమాధానమున్న బొమ్మయే సాక్ష్యం. సమాధానం లేనిది అందమైన బొమ్మ మాత్రమే.